వెంట ఒక్కరికి ప్రవేశం

నేను ఒక బంగారు కార్డుని. పేరు విని నన్ను కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాలని చూడకండి. నాలో బంగారం వీసమెత్తు లేదు. ఉన్నదంతా ప్లాస్టిక్కు, పైన పసుపు రంగు, దానిమీద ఒక మెరుపు పొర. ఒక ఊరి చివర రేకుల షెడ్డులో, అచ్చు యంత్రం మీద, ఒక్క పూటలో నాతోపాటు నావంటివాళ్ళు నాలుగు వేల మంది పుట్టారు. మాకు ముందు అదే యంత్రం మీద జిమ్ము సభ్యత్వ కార్డులు పడ్డాయి. మా తర్వాత ఏదో చెప్పుల దుకాణం డిస్కౌంటు కార్డులు. అందరిదీ ఒకటే ప్లాస్టిక్కు. అయితే నా మీద ‘నీల్‌పథ్ ఎయిర్‌వేస్ - గోల్డ్’ అని పడేసరికి నాకు ఎక్కడలేని మర్యాద వచ్చింది. నల్లటి ముఖమల్ పెట్టెలో పడుకోబెట్టి, పైన ‘మీవంటివారు మాకు మరొకరు లేరు’ అనే ఉత్తరం కప్పారు. ఆ ఉత్తరం కూడా నాలుగు వేలు అచ్చయింది.

ఏడాదిలో నలభైసార్లు నీల్‌పథ్ విమానం ఎక్కినవాళ్ళకు నన్ను ఇస్తారు. నేను చేతిలో ఉంటే విమానాశ్రయంలో లాంజి అనే గదిలోకి పోవచ్చు. అక్కడ మెత్తటి సోఫాలుంటాయి, టిఫినూ భోజనమూ ఉంటాయి, దేనికీ డబ్బు అడగరు. అంటే, ఉద్యోగం పేరున నలభై పూటలు ఇంట్లో తిండి మానుకున్న మనిషికి ఒక పూట బయట ఊరికే పెట్టే ఏర్పాటన్నమాట నేను. ఈ లెక్క మనుషులకు తట్టదు. తట్టకపోగా, నాకోసం పరుగులు పెడతారు.

మా యజమాని పెన్మెత్స వరహాలరాజుగారూ అలాగే పరుగు పెట్టారు. ఆయన భీమవరం పక్క పల్లెలో పుట్టి, విశాఖపట్నంలో కాపురం పెట్టిన మనిషి. యాభై రెండేళ్ళు. రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో అమ్మకాల మేనేజరు. గుజరాత్ తీరంలో రొయ్యల చెరువులు పెరగడంతో అక్టోబరులో ఆ పని ఈయన మీద పడింది. సోమవారం విశాఖలో బయల్దేరి, హైదరాబాదులో విమానం మారి సూరత్ వెళ్ళడం, శుక్రవారం అదే దారిన తిరిగి రావడం. అలా తిరిగి తిరిగి ఆ ఏడాది ముప్పై తొమ్మిది ప్రయాణాల దగ్గర ఆగిపోయారు. డిసెంబరు ఆఖరి వారం. పని లేదు. ఆయన ఇంట్లో ఆఫీసు పనని చెప్పి హైదరాబాదు విమానం ఎక్కి, దిగి, విమానాశ్రయం బయట ఒక టీ తాగి, పదమూడు గంటలు బస్సులో కూర్చుని ఇల్లు చేరారు. నలభై అయింది. నడుం పట్టేసింది. మూడు వారాలకు నేను వచ్చాను.

పెట్టె విప్పి ఆయన నన్ను భార్య సీతాదేవిగారికి చూపించారు. ఆవిడ చేత్తో తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, “ఇదేనా మీ నడుంనొప్పి?” అన్నారు. ఆవిడకి బస్సు సంగతి ముందే తెలుసు. జేబులో టికెట్టు చొక్కాతోపాటు ఉతుక్కి వేసినప్పుడే దొరికిందట.

మొదటిసారి మేమిద్దరం లాంజికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. సోమవారం ఉదయం తొమ్మిది గంటలు. హైదరాబాదు విమానాశ్రయంలో, మా నీల్‌పథ్ వారి లాంజి. గాజు తలుపు. తలుపు ముందు బల్ల. బల్ల వెనక ముదురాకుపచ్చ చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఛాతీ మీద ‘సలోమి’ అని చిన్న బిళ్ళ. ఆవిడ నన్ను అందుకుని యంత్రం మీద పెట్టింది. యంత్రం కుయ్యిమంది. “స్వాగతం రాజుగారూ” అందావిడ, నా మీది పేరు చదివి. మా రాజుగారు భుజాలు వెడల్పు చేసుకుని లోపలికి నడిచారు.

లోపల ఆయన ఇడ్లీ పెట్టుకున్నారు, ఉప్మా పెట్టుకున్నారు, ఒక గారె పెట్టుకున్నారు. సోఫాలో కూర్చున్నారు. చుట్టూ చూశారు. ముప్పై మంది దాకా ఉన్నారు. ముప్పై మందీ ఒకరికొకరు వీపులు పెట్టుకుని, ఫోన్లలో తలలు పెట్టుకుని తింటున్నారు. చెంచాల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఎవరూ ఎవరినీ ‘ఇంకొంచెం వేసుకోండి’ అనడం లేదు. రాజుగారు ఉప్మా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. దిగలేదు. కాసిని నీళ్ళు తాగారు. అప్పటికీ దిగలేదు.

మా రాజుగారి ఇంటి సంగతి తెలిస్తే ఇది ఆశ్చర్యం కాదు. ఆయన పుట్టిన లోగిలిలో పూటకి పాతిక విస్తళ్ళు లేచేవి. పక్కవాడు తింటుంటే చూస్తూ తినడం, మధ్యలో ఒకడు వడ్డిస్తూ తిడుతూ ఉండడం, అదీ ఆయనకు తెలిసిన భోజనం. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో సీతాదేవిగారు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన పక్క ఫ్లాటు తలుపు తట్టి ‘మా ఇంట్లో తిందురుగాని రండి’ అని పిలిచి, వచ్చినవాళ్ళకి తానే వండిపెట్టి తిన్నారు. ఒక్కడే కూర్చుని తినడం ఆయనకి చేతకాదు.

పళ్ళెం అలాగే వదిలి బయటికి వచ్చి, సలోమిగారి బల్ల దగ్గర ఆగారు.

“టిఫిను బాలేదా సార్?” అందావిడ.

“బానే ఉందండి. పక్కన మనిషే లేడు.”

ఆవిడ నన్ను అడిగి తీసుకుని, నా వెనకవైపు సన్నక్షరాల్లో ఉన్న వాక్యం చదివి చూపించింది. నాతో వచ్చినవారు తమ వెంట ఒక్కరిని తీసుకురావచ్చు. ఎవర్నని రాజుగారు అడిగారు. ఎవరినైనా సరే, ఆ రోజు నీల్‌పథ్ విమానానికి బోర్డింగ్ పాసు ఉంటే చాలని ఆవిడ చెప్పింది. రాజుగారు రెండోసారి అడిగారు, ముక్కూమొహం తెలియనివాళ్ళయినా ఫరవాలేదా అని. రూల్లో మొహం గురించి ఏమీ రాయలేదు సార్ అందావిడ.

నా జీవితం అక్కడ మలుపు తిరిగింది.

ఆ శుక్రవారం నుంచి రాజుగారు లాంజికి తిన్నగా వెళ్ళడం మానేశారు. ముందు గేట్ల దగ్గరికి వెళ్ళి, వరసగా వేసిన ఇనప కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని పరకాయించి చూసి, ఆకలిగా ఉన్న మొహాన్ని వెతుక్కుని, నన్ను చేత్తో పట్టుకుని, “రండి, భోంచేద్దాం” అనేవారు. విమానాశ్రయంలో ఈ మాట ఎవరూ ఎవరితోనూ అనరట. మొదటి మనిషి సంచీ గుండెలకు హత్తుకున్నాడు. రెండో మనిషి, ఒక పెద్దావిడ, తమకు ఇన్సూరెన్సు ఇప్పటికే రెండు ఉన్నాయని చెప్పింది. మూడో ఆయన నన్ను చూసి ఆ బ్యాంకు వడ్డీ ఎక్కువని గొణిగాడు. నేను బ్యాంకు కార్డుని కానని చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

నాలుగో మనిషి ఒక లిఫ్టు మెకానిక్కు. బిస్కెట్ల పొట్లం విప్పబోతున్నవాడు ఆగి, “నిజంగా పెడతారా?” అని మాత్రం అడిగాడు. లోపలికి వచ్చి ఏడిడ్లీలు తిన్నాడు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు మొదట చేసే పని ఒకరి పేరు ఒకరు అడగడమేనని, ఆరేళ్ళు అదే లిఫ్టులో ఎక్కిదిగినవాళ్ళయినా అప్పటిదాకా అడగరని చెప్పాడు. రాజుగారు ఆ రోజు మూడుసార్లు వడ్డించుకున్నారు.

తర్వాత ఎందరో వచ్చారు. పెళ్ళి మేళానికి వెళ్తున్న ఒక సన్నాయి విద్వాంసుడు వచ్చాడు. కబడ్డీ రిఫరీగా పనిచేసే ఒక అమ్మాయి వచ్చింది. పాములు పట్టే అటవీశాఖ గార్డు వచ్చి, పెరుగన్నం కలుపుకుంటూ నాగుపాముని ఏ వేళ్ళతో ఎక్కడ పట్టుకోవాలో ఒక చెంచాతో చూపిస్తే పక్క సోఫాలో ఆయన లేచి అవతలికి వెళ్ళిపోయాడు. రాజుగారు వాళ్ళని కూర్చోబెట్టి, తానే పళ్ళేలు తెచ్చి, “మొహమాటపడకండి, ఇదేం మా సొమ్ము కాదు” అంటూ వడ్డించేవారు. ఆ మూల ఎప్పుడూ మాటలుండేవి. వెళ్ళిపోయేటప్పుడు వాళ్ళ ఫోను నంబర్లు ఆయన అడిగేవారు కాదు. ఆయన నంబరు వాళ్ళూ అడిగేవారు కాదు. తిన్నారు, చెప్పుకున్నారు, విమానం పిలిస్తే లేచారు. అంతే.

ఇదంతా ఎనిమిది నెలలు బాగా సాగింది. ఆ తర్వాత నేను ఒక చోట చిక్కుకుపోయాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం రాజుగారు విమానం వేళయిందన్న హడావిడిలో నన్ను బల్లమీద మరిచిపోయారు. సలోమిగారు నన్ను తీసి భద్రంగా తన సొరుగులో పెట్టింది. ఇంకో గంటకి లాంజి మేనేజరు ధనుంజయ్ వచ్చి, బల్ల మీద ఒక కాయితం పెట్టాడు. సొరుగు సందులోంచి నాకు మాటలన్నీ వినిపించాయి.

నాకన్నా పై మెట్టు కార్డు ఉన్న ఒకాయన హెడ్డాఫీసుకి ఫిర్యాదు రాశాడు. మీసాలాయన ఒకడు ప్రతి వారం గేటు దగ్గర ఆటోవాడిలా జనాన్ని పోగేస్తున్నాడని, మనిషికింత అని వసూలు చేసి లోపలికి తోలుతున్నాడని, బల్ల దగ్గర ఆవిడకి అందులో వాటా ఉందని.

“ఆ రాజుగారు నీకేమైనా ఇస్తున్నాడా?” అని అడిగాడు ధనుంజయ్.

“పోయిన నెల ఎండు రొయ్యల పొట్లం ఇచ్చారు సార్.”

“డబ్బు?”

“లేదు సార్.”

కలం గీసుకున్న చప్పుడు వినిపించింది. ఎండు రొయ్యలు రికార్డులోకి ఎక్కాయి. హెడ్డాఫీసు నుంచి విచారణాధికారి మామూలు ప్రయాణికుడి వేషంలో వస్తాడని, అప్పటిదాకా రాజుగారికి ఒక్క ముక్క చెప్పినా ఆవిడ ఉద్యోగం ఆ రోజే పోతుందని, చెప్పకపోయినా వచ్చే నెల కాంట్రాక్టు పొడిగించేదీ లేనిదీ విచారణ తేల్చాకేనని చెప్పి ధనుంజయ్ వెళ్ళిపోయాడు. తర్వాత గాజు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటనే ఆవిడ గొంతు: “స్వాగతం మేడమ్.” ఆ గొంతులో ఏ తేడా లేదు. పదకొండేళ్ళ అనుభవం అది.

సోమవారం రాజుగారు వచ్చి నన్ను తీసుకున్నారు. ఆవిడ ఆయన్ని చూసి, “ఈ వారం గెస్టు లేకుండా రండి సార్, లోపల రద్దీగా ఉంది” అంది. ఆయన తలుపులోంచి తొంగి చూశారు. ఖాళీ సోఫాలు కనిపించాయి. ఆవిడ జోకు వేసిందనుకుని పెద్దగా నవ్వారు. జేబులో ఉన్న నాకు నవ్వు రాలేదు.

ఆ శుక్రవారం గేటు దగ్గర, నీలం చొక్కా వేసుకుని, పేపరు తెరిచి, దాన్ని చదవకుండా కూర్చున్న ఒక బక్కపలచని మనిషి కనిపించాడు. అరవైకి దగ్గర పడ్డ వయసు. ఎండిన పెదవులు. పేపరు అంచు మీంచి రాజుగారినే చూస్తున్నాడు. ఆకలిచూపని రాజుగారనుకున్నారు. “రండి, భోంచేద్దాం” అన్నారు.

“ఎంత ఇయ్యాల?” అన్నాడతను.

నాకు అర్థమైపోయింది. రాజుగారికి కాలేదు. “ముందు తినండి బాబూ. ఆ మాటలన్నీ తర్వాత” అన్నారు. నీలం చొక్కా ఆయన కళ్ళలో ఒక మెరుపు మెరిసింది. చొక్కా జేబులో పెన్నుని ఒకసారి తడుముకున్నాడు. బల్ల దగ్గర సలోమిగారు ఆయన బోర్డింగ్ పాసు చూసి, పేరు రాసుకుంది. కరణం శేషశయనం. ఆ పేరులో ఒక అక్షరం ఆవిడకి కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది.

లోపల రాజుగారు రెండు పళ్ళేలు తెచ్చారు. శేషశయనంగారు తినడం కంటే అడగడం మీద ఎక్కువ దృష్టి పెట్టారు. వారానికి ఎంతమందిని తెస్తారని అడిగారు. ఇద్దరిని, వెళ్ళేటప్పుడొకరు, వచ్చేటప్పుడొకరు అన్నారు రాజుగారు. బల్ల దగ్గరావిడ సర్దుకుపోతుందా అని అడిగారు. ఆవిడ బంగారం, ఆవిడే నాకీ దారి చూపించింది అన్నారు రాజుగారు. నేను జేబులో ముడుచుకుపోయాను. ఆయన ఏ మాట చెప్పినా అది ఒప్పుకోలులాగే ఉంది.

“మీది ఏ ఊరండి?” అని రాజుగారు ఎదురు అడిగారు. కర్నూలు జిల్లా అని చెప్పారాయన. ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నారు. ఆయన చెంచా పళ్ళెం అంచున పెట్టారు. “నేనే చేసుకుంటా. ఒక్కనికి ఏం వంట లే సార్. ఒకపూట అన్నం వొండితే రెండుపూట్లా అదే.” ఆయన పని విచారణలు చెయ్యడం. ఊరూరూ తిరగాలి, ఎవరికీ తెలియకుండా ఒక మూల కూర్చోవాలి, పేపరు అడ్డం పెట్టుకుని తినాలి. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఇవన్నీ ఆయన రాజుగారికి చెప్పలేదు. తర్వాత నా ఎదుటే బయటపడ్డాయి. రాజుగారు మాత్రం ఆయన పళ్ళెం వైపు చూసి, లేచి వెళ్ళి, వేడి అన్నం, పప్పు, ఒక గిన్నెలో నెయ్యి తెచ్చి, అడక్కుండా వడ్డించారు. తాను వండిన రొయ్యల ఇగురు గురించి, దాన్ని తిని సూరత్ చెరువు యజమాని శాకాహారం మానేసి ఇంట్లో గొడవ తెచ్చుకున్న సంగతి గురించి చెప్పారు. శేషశయనంగారు ఒకచోట నవ్వారు. నవ్వినందుకు ఆయనే ఉలిక్కిపడ్డారు.

విమానం పిలిచే వేళయింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, గొంతు సవరించుకుని, “ఇప్పుడు చెప్పండి సార్. మీకు నేను ఇయ్యాల్సింది ఎంత?” అన్నారు.

రాజుగారు ఆయన పళ్ళెం వైపు చూశారు. “ఇవ్వాలనుంటే ఒక పని చెయ్యండి. ఆ గారె వదిలేశారు. అది తినేసి వెళ్ళండి.”

శేషశయనంగారు నిలబడే ఆ గారె తిన్నారు. తిన్నాక జేబులోంచి గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టారు. అది కూడా ప్లాస్టిక్కే. చుట్టమే. తాను ఎవరో, ఎందుకు వచ్చారో, సలోమిగారి మీద ఏం ఆరోపణ ఉందో అంతా చెప్పారు. రాజుగారికి తన మీద వేసిన నింద బాధ పెట్టలేదు. జనాన్ని ఆటోవాడిలా పోగేస్తున్నాడంటే, నిజమే కదా అన్నట్టు తల ఊపారు. కానీ సలోమిగారి మాట వచ్చేసరికి మొహం ఎర్రబడింది.

“ఆవిడ రూలు చదివి చెప్పిందండి. అంతే. తిన్నది మేము. ఆవిడని ఎందుకు తెస్తారు మధ్యలోకి?”

“అది రాసేదానికే వచ్చినా సార్” అన్నారు శేషశయనంగారు.

ఆయన రాశారు కూడా. మోసం లేదని, వసూళ్ళు లేవని, బల్ల దగ్గర ఉద్యోగి తప్పు ఏమీ లేదని, ఆ సభ్యుడు కేవలం ఒంటరిగా తినలేని మనిషని, తనకు వ్యక్తిగతంగా మూడుసార్లు వడ్డించాడని మూడు పేజీలు రాశారు. సలోమిగారి కాంట్రాక్టు పొడిగించారు. అయితే నివేదిక ఆఖరున, రివాజు ప్రకారం ఏదో ఒక సూచన చెయ్యాలి కనక, ‘గెస్టు అనగా ఎవరో నిబంధనల్లో స్పష్టంగా లేదు’ అని ఒక్క వాక్యం చేర్చారు. హెడ్డాఫీసులో మూడు పేజీలూ ఎవరూ చదవలేదు. ఆఖరి వాక్యం చదివారు. నెల తిరగకుండా సభ్యులందరికీ ఉత్తరం వచ్చింది: ఇకమీదట గెస్టు అంటే సభ్యుడితో ఒకే టికెట్టు మీద ప్రయాణిస్తున్న వ్యక్తి మాత్రమే.

ఆ సోమవారం రాజుగారు గేటు దగ్గర ఆగలేదు. లాంజిలో ఉప్మా ముందు పెట్టుకుని కూర్చుని, ఏమీ తినకుండానే లేచి బల్ల దగ్గరికి వచ్చారు. సలోమిగారు ఆ రూలు తానే పెట్టినట్టు తల వంచుకుని, నావల్లే సార్ అంది. నావల్లనండి అన్నారాయన. కాసేపు ఇద్దరూ ఆ తప్పు నాదంటే నాదని తమవైపు లాక్కున్నారు. చివరికి మాట మార్చడానికి రాజుగారు, “ఇంతకీ మీరు తిన్నారా?” అని అడిగారు.

ఆవిడ డబ్బా తెచ్చుకుంటుందట. తువ్వాళ్ళు పెట్టే గదిలో, బుట్టల మధ్య స్టూలు వేసుకుని తింటుందట. లాంజి తిండి సిబ్బంది ముట్టకూడదు. పదకొండేళ్ళలో అక్కడి పదార్థం ఒక్కటీ నోట్లో పెట్టలేదు. అది ఫిర్యాదులా చెప్పలేదావిడ. అడిగారు కనక చెప్పింది.

రాజుగారు గేట్ల వైపు ఒకసారి, బల్ల వైపు ఒకసారి చూశారు. ఎనిమిది నెలలపాటు ఆయన ఆకలిమొహాల కోసం గేట్లన్నీ వెతికారు. ప్రతిసారీ ఈ బల్ల దాటే లోపలికి వెళ్ళారు.

తర్వాత ఆవిడ ఎప్పుడైనా విశాఖ వైపు వెళ్తుందా అని అడిగారు. వచ్చే నెలలో అనకాపల్లిలో చెల్లెలి కూతురి నిశ్చితార్థం ఉందని, జన్మభూమి రైలుకి టికెట్టు తీసుకోవాలని చెప్పింది. మనిద్దరికీ ఒకే టికెట్టు మీద విమానం తీస్తానన్నారు రాజుగారు. ఆవిడ వద్దంది. ఆయన సీతాదేవిగారికి ఫోను చేసి, ఫోను ఆవిడ చేతిలో పెట్టారు. అవతల ఏం మాట్లాడారో నాకు వినబడలేదు. సలోమిగారు నాలుగుసార్లు “అలాగేనండి” అంది, ఒకసారి నవ్వింది. ఒప్పుకుంది, తన టికెట్టు డబ్బు తాను ఇచ్చే షరతు మీద. ఇచ్చింది కూడా. రాజుగారు దాన్ని లెక్కపెట్టకుండా జేబులో, నా పక్కన పెట్టుకున్నారు. వద్దని అనలేదు. మా రాజుగారికి మర్యాద తెలుసు.

ప్రయాణం నాటి శుక్రవారం సలోమిగారు గంధంరంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. బల్ల వెనక ఫిరోజ్ అనే సహోద్యోగి ఉన్నాడు. నన్ను యంత్రం మీద పెట్టి, ఒకే టికెట్టు అవునా కాదా అని చూసి, లేచి నిలబడి, “స్వాగతం మేడమ్” అన్నాడు. ఆవిడ అలవాటుగా “స్వాగతం” అని తిరిగి అనేసింది.

లోపల సోఫా అంచున కూర్చుంది. గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా సగం లేచి నిలబడబోయేది. రాజుగారు ఆరోసారికి, “వాళ్ళు వస్తారండి, ఫిరోజ్ చూసుకుంటాడు, మీరు కూర్చోండి” అన్నారు. పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. ఇడ్లీ, గారె, ఉప్మా. ఆవిడ ముందుగా ఉప్మా తీసుకుంది. నెమ్మదిగా నమిలింది. రాజుగారు కూర్చుని ఆవిడ మొహం వైపే చూస్తున్నారు.

“ఉప్పు తక్కువైంది సార్” అందావిడ. మళ్ళీ ఒక చెంచా తిని నిర్ధారణ చేసుకుంది. “పదకొండేళ్ళ నుంచి అందరికీ ఉప్మా బాగుంటుంది వేసుకోండని చెప్తున్నాను.”

ఇద్దరూ నవ్వారు. నేను చూసిన అన్ని భోజనాల్లోకీ ఆ రోజు రాజుగారు ఎక్కువ తిన్నారు. ఉప్పులేని ఉప్మా రెండుసార్లు వేసుకున్నారు. ఆవిడ గారెలు మూడు తిన్నది. విమానం పిలిచినప్పుడు ఆవిడ లేచి, తన పళ్ళెమూ రాజుగారి పళ్ళెమూ ఒకదానిమీద ఒకటి పెట్టి తీయబోయింది. సర్వరు వచ్చి వాటిని ఆవిడ చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు.

ఆ తర్వాత నా కథలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. కంపెనీవారు సూరత్ పనులన్నీ కంప్యూటరు తెరమీదే మాట్లాడుకోమన్నారు. మరుసటి ఏడాది ప్రయాణాలు మొత్తం పదకొండుకి పడిపోయాయి. ఏడాది తిరిగేసరికి నాకు గడువు తీరింది, నా స్థానంలో వెండి కార్డు వచ్చింది. దానికి పెట్టె లేదు, ముఖమల్ లేదు, లాంజి లేదు. దాన్ని చూసి సీతాదేవిగారు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన ఇప్పుడు వారానికి ఏడు రోజులూ ఇంట్లోనే తింటున్నారు. పక్క ఫ్లాటువాళ్ళూ తింటున్నారు.

నేను మాత్రం భీమవరం పక్కన రాజుగారి స్వంత రొయ్యల చెరువు గట్టుమీద ఉన్నాను. చెరువులో మేత వేశాక, రొయ్యలు ఎంత తిన్నాయో తెలుసుకోవడానికి నీళ్ళలో ఒక వల పళ్ళెం దించుతారు. రెండు గంటలకి పైకి లాగి, మిగిలిన మేత గీకి తూస్తారు. ఆ గీకేది నేనే. నా అంచు సన్నం, వంగుతాను, విరగను. ఈ పని నాకు బాగా కుదిరింది. నా మీది పసుపు చాలావరకు పోయింది. ‘గోల్డ్’ అన్న మాటలో సగం మిగిలింది.

మొన్న చెరువు చూసే తాతారావు నన్ను నీళ్ళలో కడిగి, ఎండలో పట్టుకుని, ఆ సగం అక్షరాలు పరిశీలించి, చెరువు చూసిపోవడానికి వచ్చి గట్టుమీద కూర్చున్న రాజుగారిని అడిగాడు: “ఇది బంగారపు కార్డంట గదండి. దీంతో ఏం చేసేవారండి తవరు?”

రాజుగారు విమానాల గురించీ సోఫాల గురించీ చెప్పబోయి మానేశారు. “దీంతో మనుషుల్ని భోజనానికి పిలిచేవాణ్ణి తాతారావ్” అన్నారు.

తాతారావు నన్ను ఇటూ అటూ తిప్పి చూశాడు.

“పెళ్ళికంటే కార్డు కావాలి గానండి, భోజనానికెందుకండి?”

తాతారావు నన్ను మళ్ళీ పళ్ళెంలోకి దించి, మూలన మిగిలిన మేత గీకడం మొదలుపెట్టాడు.